బ్లడ్ క్యాన్సర్: చికిత్స తర్వాత ఇంటి దగ్గర ఏం చూసుకోవాలి? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాసులు తెలుసుకోవాల్సిన విషయాలు

బ్లడ్ క్యాన్సర్ అని తేలగానే కడప జిల్లా వాళ్లు తిరుపతికో, వేలూరుకో, బెంగళూరుకో, హైదరాబాద్‌కో బయలుదేరతారు. అక్కడ ఉండేది కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. ఆ తర్వాత ఏళ్ల తరబడి గడిపేది ఇంటి దగ్గరే. అర్ధరాత్రి జ్వరం వచ్చేది, మాత్రలు అయిపోయేది, కాళ్లు తిమ్మిరెక్కేది, మళ్లీ పనికి పోవాలా వద్దా అని ఆలోచించేది అంతా ఇంట్లో ఉన్నప్పుడే.

చికిత్సకు దారి చూపేవాళ్లు చాలామంది ఉంటారు. ఇంటికొచ్చాక ఏం చేయాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. కానీ ఈ దశలో అవసరమయ్యే పనుల్లో చాలావరకు జిల్లాలోనే చేసుకోవచ్చు. ముందే ఏర్పాటు చేసుకుంటే దూరప్రయాణాలు తగ్గుతాయి, ప్రమాదాలు తప్పుతాయి. ఏవి ఇక్కడే చూసుకోవచ్చు, వేటికి పెద్దాసుపత్రికే పోవాలి, ప్రభుత్వం నుంచి ఏం అందుతుంది, ఏది అందదు అన్నది ఈ కథనంలో చూద్దాం.

ముందు మీ జబ్బు పేరు సరిగ్గా తెలుసుకోండి

బ్లడ్ క్యాన్సర్ అనేది ఒకే జబ్బు కాదు. ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

లుకేమియా: మూలుగలో పుట్టే రక్తకణాల క్యాన్సర్. వేగంగా ముదిరే అక్యూట్ రకాలు, నెమ్మదిగా సాగే క్రానిక్ రకాలు ఇందులో ఉంటాయి. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఏఎల్ఎల్.

లింఫోమా: మెడ, చంక, గజ్జల్లో ఉండే లింఫు గ్రంథుల్లో మొదలవుతుంది.

మల్టిపుల్ మైలోమా: ఎక్కువగా పెద్ద వయసువారికి వస్తుంది. ఎముకలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇంటికొచ్చాక తీసుకోవాల్సిన జాగ్రత్తలు రకాన్ని బట్టి మారతాయి. మైలోమా ఉన్నవారు నీళ్ల బిందె ఎత్తితే వెన్నుపూస విరగవచ్చు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే సీఎంఎల్ ఉన్నవారిలో చాలామంది రోజూ మాత్ర వేసుకుంటూ మామూలుగా పని చేసుకోగలరు. అందుకే పక్కింటివాళ్లకు డాక్టరు చెప్పిన సలహాను మీరు పాటించకండి. మీ జబ్బు పేరు, మీకిచ్చిన మందుల పేర్లు తెలుగులో రాయించుకుని దగ్గర పెట్టుకోండి.

డిశ్చార్జి రోజు ఏమేం అడిగి తీసుకోవాలి?

ఇంటికి పోతున్నామన్న తొందరలో చాలామంది బిల్లులు, మందులు తీసుకుని బయలుదేరతారు. కింది ఐదూ చేతికి వచ్చాకే ఆసుపత్రి గేటు దాటండి.

1. డిశ్చార్జి సమ్మరీ. జబ్బు రకం, ఇచ్చిన కీమో మందులు, తేదీలు, చివరి రక్తపరీక్ష వివరాలు అందులో ఉండాలి.
2. బయాప్సీ, బోన్ మ్యారో, జన్యుపరీక్షల రిపోర్టుల కాపీలు. మరో ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఇవి లేకపోతే పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయాల్సి రావచ్చు.
3. జ్వరం, రక్తస్రావం వంటివి వస్తే ఫోన్ చేయాల్సిన నంబరు. రాత్రివేళ కూడా ఎత్తుతారో లేదో అడగండి.
4. స్థానిక డాక్టరు పేరిట ఒక ఉత్తరం. ఏ పరీక్ష ఎన్ని రోజులకోసారి చేయాలి, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఎంతకు పడిపోతే వెనక్కి పంపాలి అన్నది అందులో రాయించుకోండి.
5. రైలు రాయితీ ఫారం. దీని గురించి కింద వివరంగా ఉంది.

అన్నింటినీ ఫోనులో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరికి కూడా వాట్సాప్‌లో పంపి ఉంచండి. చేతికి పిక్ లైనో, ఛాతీలో కీమో పోర్టో పెట్టి ఉంటే, దాన్ని శుభ్రం చేయడం, మందుతో ఫ్లష్ చేయడం ఎవరు చేయాలో ముందే తేల్చుకోండి. శిక్షణ లేనివాళ్ల చేత అందులోంచి రక్తం తీయించడం, సెలైన్ ఎక్కించడం ప్రమాదం.

తర్వాతి పని, ఊళ్లో ఒక ఎంబీబీఎస్ లేదా జనరల్ మెడిసిన్ డాక్టరును ఎంచుకోవడం. బాగున్నప్పుడే వెళ్లి ఫైలు చూపించి రండి. జ్వరంతో మొదటిసారి వెళ్లినప్పుడు మీ కథ మొదటి నుంచి చెప్పుకునే సమయం ఉండకపోవచ్చు.

జ్వరం 100.4 దాటితే ఎమర్జెన్సీ

ఈ కథనంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. కీమో తీసుకుంటున్నవారిలో తెల్లకణాలు పడిపోతాయి. ఆ సమయంలో ఒళ్లు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే దాన్ని మామూలు జ్వరంగా చూడకూడదు. ఇన్‌ఫెక్షన్ కొన్ని గంటల్లోనే ప్రాణాల మీదికి తేవచ్చు. ఆసుపత్రికి చేరిన గంటలోపు నరం ద్వారా యాంటీబయాటిక్ పడాలన్నది ప్రపంచమంతా పాటించే పద్ధతి.

ఇంట్లో డిజిటల్ థర్మామీటరు తప్పనిసరిగా పెట్టుకోండి. జ్వరం వస్తే ఇలా చేయండి.

తెల్లారనిద్దాం అని ఆగవద్దు. క్యాన్సర్ ఆసుపత్రి నంబరుకు ఫోన్ చేస్తూనే దగ్గర్లోని, ఇరవై నాలుగు గంటలూ డాక్టరు ఉండే ఆసుపత్రికి బయలుదేరండి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాసులకు ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి దగ్గర. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 20 కిలోమీటర్లే. పులివెందుల వాళ్లు అక్కడి ప్రభుత్వాసుపత్రిలో మొదటి మోతాదు వేయించుకుని, అవసరమైతే కడప సర్వజన ఆసుపత్రికి, అంటే రిమ్స్‌కు వెళ్లవచ్చు. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

లోపలికి వెళ్లగానే చెప్పాల్సిన మొదటి మాట: "నేను కీమో తీసుకుంటున్నాను, తెల్లకణాలు తగ్గి ఉండవచ్చు." ఈ మాట చెప్పకపోతే వైరల్ జ్వరమని మాత్రలిచ్చి పంపేసే అవకాశం ఉంది.

ఉష్ణోగ్రత చూడకుండా పారాసెటమాల్ వేసుకోవద్దు. జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది.

వీధి చివర ఆర్ఎంపీ దగ్గర నడుముకు ఇంజెక్షన్ వేయించుకోవద్దు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే కండలో వేసిన సూది చోట రక్తం గడ్డకట్టి, చీము పట్టే ప్రమాదం ఉంటుంది.

చిగుళ్ల నుంచి రక్తం ఆగకపోవడం, ఒంటిపై ఎర్రటి చుక్కలు, నల్లటి విరేచనం, ఊపిరి ఆడకపోవడం, విపరీతమైన తలనొప్పి వచ్చినా అదే తొందర చూపాలి. మైలోమా ఉన్నవారికి ఉన్నట్టుండి వెన్నునొప్పి పెరిగి కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి చేరాలి. వెన్నుపాము నొక్కుకుపోతే, ఆలస్యమైనకొద్దీ కాళ్లు తిరిగి పనిచేసే అవకాశం తగ్గిపోతుంది.

మరొకటి, సర్పి. ఒంటికి ఒక పక్క మంటతో నీటిపొక్కులు వరుసగా లేస్తాయి. మన దగ్గర ఎర్రమన్ను పూసి ఊరుకోవడం అలవాటు. బ్లడ్ క్యాన్సర్ ఉన్నవారు అలా చేయకూడదు. పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

నీరసం పోవాలంటే పడుకోవాలా, నడవాలా?

చికిత్స తర్వాత ఎక్కువమంది చెప్పుకునే బాధ నీరసం. నిద్రపోయినా తీరదు. రక్తం తక్కువగా ఉండటం, థైరాయిడ్, దిగులు, నిద్రలేమి, కదలిక లేక కండ కరిగిపోవడం, ఇలా కారణాలు చాలా ఉంటాయి. ముందు డాక్టరుతో వీటిని చూపించుకోండి. చాలావాటికి మందు ఉంది.

పూర్తిగా మంచానికే పరిమితమైతే నీరసం పెరుగుతుంది. వారానికి మూడుసార్లు అరగంట చొప్పున నడక వంటి వ్యాయామం, దానికి తోడు వారానికి రెండుసార్లు కండకు పని చెప్పే తేలికపాటి కసరత్తు, ఇలా రెండు మూడు నెలలు చేసినవారిలో నీరసం, దిగులు తగ్గుతాయని 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. మొదటి రోజే అరగంట నడవనక్కర్లేదు. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి వారానికి కొద్దికొద్దిగా పెంచుకోండి. మన జిల్లాలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి తెల్లవారుజామునో, పొద్దుగూకాకో నడవండి.

ఎవరు ఆగాలి? జ్వరం ఉన్నవారు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినవారు, ఛాతీనొప్పి లేదా ఆయాసం ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. డాక్సోరూబిసిన్ వంటి మందులు గుండెను బలహీనపరచవచ్చు. అవి తీసుకున్నవారు ఎకో పరీక్ష ఎప్పుడెప్పుడు చేయించుకోవాలో అడిగి రాసుకోండి.

ఫిజియోథెరపీ కోసం వేలూరు దాకా పోనక్కర్లేదు. అయితే డిశ్చార్జి సమ్మరీ చూపించకుండా చేయించుకోవద్దు. కింది మూడు ఇబ్బందులకు ఫిజియోథెరపిస్టు బాగా ఉపయోగపడతారు.

కాళ్లూ చేతుల తిమ్మిర్లు: విన్‌క్రిస్టిన్, బోర్టెజోమిబ్, థాలిడోమైడ్ వంటి మందులు నరాలను దెబ్బతీస్తాయి. పాదం పైకి లేవక నేలకు తగులుతుంటుంది, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. మొదట్లోనే చెబితే డాక్టరు మోతాదు మార్చగలరు. చెప్పులు జారిపోయినా, నిప్పు తగిలినా తెలియదు కాబట్టి ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవాలి, రోజూ పాదాలు చూసుకోవాలి.

తొడల బలహీనత: స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినవారు కింద కూర్చుంటే లేవలేరు. తుంటినొప్పి మొదలైతే తేలిగ్గా తీసుకోవద్దు. స్టెరాయిడ్ల వల్ల తుంటి ఎముకకు రక్తప్రసరణ ఆగే ప్రమాదం ఉంది. స్టెరాయిడ్ మాత్రలు మీకు మీరుగా ఒక్కసారిగా ఆపేయకూడదు కూడా.

ఎముకల బలహీనత: మైలోమా ఉన్నవారు వంగి బరువులెత్తడం, నడుము మెలితిప్పడం మానాలి. ఆసనాలు కూడా డాక్టరును అడిగే వేయాలి. స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ, జారని చాప వేయించుకుంటే ఎముక విరిగే ప్రమాదం తగ్గుతుంది.

తిండి విషయంలో పథ్యాలు ఎంతవరకు?

బ్లడ్ క్యాన్సర్‌ను తగ్గించే తిండి ఏదీ లేదు. అలాగే పప్పు, గుడ్డు, మాంసం మాన్పించి గంజితో సరిపెడితే కోలుకోవడం ఆలస్యమవుతుంది. కావలసింది సరిపడా మాంసకృత్తులు, శుభ్రత.

మన ఇళ్లలో చేసుకునే రాగిసంగటి, పప్పు, బాగా ఉడికిన గుడ్డు, కోడికూర అన్నీ తినవచ్చు. వేయించిన చెనిక్కాయలు మంచివే. బూజు వాసన ఉన్నవి పారేయండి. నోటిపూత ఉన్నన్నాళ్లు కారం దోసె, ఊరగాయలు పక్కన పెట్టి పెరుగన్నం, మెత్తటి ఉప్మా, పలుచటి జావ తీసుకోండి. స్టెరాయిడ్లు వాడుతున్నవారికి చక్కెర పెరుగుతుంది కాబట్టి బలమని గ్లూకోజు, కూల్‌డ్రింకులు తాగించకండి. మూత్రపిండాలు దెబ్బతిన్న మైలోమా రోగులకు మాంసకృత్తులు ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి.

తెల్లకణాలు తక్కువగా ఉన్న రోజుల్లో బండి మీద జ్యూసులు, ఐసు, కోసి పెట్టిన పండ్లు, పచ్చి గుడ్డు, కాచని పాలు వద్దు. నీళ్లు కాచి చల్లార్చి తాగండి. తొక్క తీసి తినే అరటి, చీనీ వంటి పండ్లను కడిగి, ఇంట్లోనే ఒలుచుకుని తినండి.

పసరు మందులు, భస్మాలు, పొట్లం కట్టి ఇచ్చే పొడుల్లో ఏముందో ఎవరికీ తెలియదు. కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కొన్ని కీమో మందుల ప్రభావాన్ని మార్చేస్తాయి. ఇంగ్లిషు మందులైనా సరే, కొత్తది వేసుకునే ముందు చెప్పండి. ఉదాహరణకు పిల్లలకిచ్చే 6-ఎంపీ మాత్రతో, యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

బాగైందని మాత్రలు ఆపేయవద్దు

ఇంటికొచ్చాక జరిగే అతిపెద్ద నష్టం చాలామందికి కనపడదు. ఒంట్లో బాగుందని మాత్రలు ఆపేయడం, ఛార్జీలకు డబ్బుల్లేక ఫాలో-అప్‌కు పోకపోవడం.

సీఎంఎల్‌కు రోజూ వేసుకునే ఇమాటినిబ్ మాత్ర అమెరికాలో 2001లో అందుబాటులోకి వచ్చింది. ఒకప్పుడు ఈ కంపెనీ మందుకు నెలకు లక్ష రూపాయలు దాటేది. నోవార్టిస్ కంపెనీ పేటెంట్ అడిగితే, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తిరస్కరించింది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో సహా మన కంపెనీల జెనరిక్ మాత్రలు దొరుకుతున్నందున ఖర్చు బాగా తగ్గింది. ఇంత అందుబాటులోకి వచ్చిన మందును మధ్యలో వదిలేస్తే జబ్బు మొండికేస్తుంది. వేసుకోవాల్సిన మాత్రల్లో పదో వంతు వదిలేసినవారిలో కూడా ఫలితం బాగా తగ్గినట్టు 2010లో వెలువడిన లండన్ అధ్యయనం చూపించింది. నెలకు మూడు మాత్రలు మరిచిపోవడం చిన్న విషయం కాదన్నమాట. ఇది వాడుతున్న ఆడవాళ్లు గర్భం గురించి ఆలోచిస్తుంటే ముందే డాక్టరుతో మాట్లాడాలి.

పిల్లల ఏఎల్ఎల్‌లో చికిత్స మొత్తం రెండేళ్లకు పైనే సాగుతుంది. అందులో ఎక్కువ భాగం ఇంట్లో మాత్రలతో నడిచే మెయింటెనెన్స్ దశే. పిల్లవాడు ఆడుకుంటున్నాడు కదా అని ఈ దశలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. ఫోనులో అలారం పెట్టుకోండి, క్యాలెండర్‌లో రోజూ టిక్కు కొట్టుకోండి. మాత్రలు పది రోజులకు సరిపడా ఉన్నప్పుడే కొత్తవి తెప్పించుకోండి.

ప్రభుత్వం నుంచి ఏమేం అందుతాయి?

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ: 2007లో పులివెందులకు చెందిన అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే, ప్రభుత్వాలు మారేకొద్దీ పేర్లు మారుతూ ఇప్పుడు ఈ పేరుతో నడుస్తోంది. కీమోథెరపీ, రేడియేషన్ వంటివి పథకంలోని ఆసుపత్రుల్లో నగదు కట్టకుండా చేయించుకోవచ్చు. కుటుంబానికి ఏడాదికి ఇచ్చే పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షల రూపాయలకు పెంచారు. పథకంలోని ప్రతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు. అనుమతి ఎక్కడ ఆగింది, ఏ కాగితం తక్కువైంది, ఫాలో-అప్‌లో ఏ మందులు, పరీక్షలు ఉచితం అన్నది ముందు వారినే అడగండి. రాష్ట్రం బయటి ఆసుపత్రికి పోయే ముందు మీ చికిత్స అక్కడ పథకం కింద వస్తుందో లేదో 104కు ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడికి పోయి అడ్వాన్సు కట్టాక ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడం కష్టం.

70 ఏళ్లు నిండినవారికి: ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల రూపాయల దాకా వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. మైలోమా ఎక్కువగా వచ్చేది పెద్ద వయసులో కాబట్టి, ఇంట్లో ఈ వయసువారుంటే కార్డు తీయించండి.

దగ్గర్లో చికిత్స: ప్రతి కీమోకూ బెంగళూరుకు పోవాలా అని మీ డాక్టరును అడగండి. మొదటి దశ పెద్దాసుపత్రిలో చేయించుకుని, తర్వాతి మోతాదులు దగ్గర్లో తీసుకునే వీలు కొందరికి ఉంటుంది. కడప రిమ్స్ ఆవరణలో క్యాన్సర్ విభాగానికి ప్రత్యేక భవనం కట్టారు. తిరుపతిలో స్విమ్స్ ఉంది. టాటా ట్రస్ట్స్ కట్టిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022 మే నెలలో ప్రారంభమైంది. కర్నూలులో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మూలుగ మార్పిడి వంటివాటికి మాత్రం ఆ అనుభవం ఉన్న కేంద్రానికే పోవాలి. వేలూరు సీఎంసీలో 1986 నుంచే ఈ చికిత్స చేస్తున్నారు.

రైలు రాయితీ: చికిత్సకు, చెకప్‌కు వెళ్లే క్యాన్సర్ రోగులకు స్లీపర్, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం. తోడు వచ్చే ఒకరికి ఈ రెండు తరగతుల్లో 75 శాతం రాయితీ. సెకండ్ క్లాస్, ఏసీ చెయిర్ కార్‌లో ఇద్దరికీ 75 శాతం, ఫస్ట్ ఏసీ, సెకండ్ ఏసీలో ఇద్దరికీ 50 శాతం రాయితీ ఉంటుంది. ఆసుపత్రి నిర్ణీత ఫారంలో సర్టిఫికెట్ ఇవ్వాలి. దాన్ని రిజర్వేషన్ కౌంటర్‌లో చూపించి టికెట్ తీసుకోవాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల్లో నంద్యాల-ఎర్రగుంట్ల మార్గం మీద స్టేషన్లున్నాయి. పులివెందులకు రైలు లేదు. ముద్దనూరు, కడప స్టేషన్లకు బస్సులో వచ్చి ముంబై-చెన్నై మార్గంలోని రైళ్లు ఎక్కవచ్చు. వేలూరుకు పోయేవారు దిగాల్సింది కాట్పాడి జంక్షన్‌లో.

ఇతర సాయం: పథకంలో రాని ఖర్చులకు ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎమ్మెల్యే కార్యాలయాల ద్వారా ఈ దరఖాస్తులు వెళ్తుంటాయి. అసలు బిల్లులన్నీ జాగ్రత్త చేయండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు బెంగళూరు కిద్వాయి, హైదరాబాద్ ఎంఎన్‌జే వంటి ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాల్లో చికిత్స పొందుతుంటే, కేంద్ర ఆరోగ్య మంత్రి క్యాన్సర్ రోగుల నిధి గురించి అక్కడి సామాజిక కార్యకర్తను అడగండి.

బ్లడ్ క్యాన్సర్‌కు వికలాంగ పింఛను వస్తుందా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. దళారుల చేతిలో ఎక్కువమంది మోసపోయేదీ ఇక్కడే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. రక్తానికి సంబంధించి అందులో ఉన్నవి తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ జబ్బులు మాత్రమే. బ్లడ్ క్యాన్సర్ ఆ జాబితాలో లేదు. అంటే లుకేమియా ఉందన్న ఒక్క కారణంతో సదరం సర్టిఫికెట్ రాదు. డబ్బిస్తే తెచ్చిపెడతామనేవారిని నమ్మవద్దు.

అయితే జబ్బు వల్లో, చికిత్స వల్లో శాశ్వత వైకల్యం మిగిలితే దాన్ని బట్టి దరఖాస్తు చేసుకోవచ్చు. వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడటం, తుంటి దెబ్బతిని నడవలేకపోవడం, చూపు లేదా వినికిడి పోవడం ఇలాంటివే. గ్రామ, వార్డు సచివాలయంలో సదరం స్లాట్ బుక్ చేసుకుంటే ఏ ఆసుపత్రికి ఏ రోజు రావాలో చెబుతారు. కనీసం 40 శాతం వైకల్యం ఉందని వైద్యులు తేల్చాలి. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వికలాంగులకు నెలకు 6 వేల రూపాయల పింఛను ఇస్తున్నారు. దరఖాస్తులో క్యాన్సర్ రిపోర్టుతో పాటు ఆ వైకల్యాన్ని చూపే రిపోర్టు కూడా పెట్టండి. బోర్డు చూసేది దాన్నే.

రక్తం, ప్లేట్‌లెట్లు కావాలంటే

ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు. కాబట్టి ముందే తెచ్చి పెట్టుకునే వీలు లేదు. మీ గ్రూపు దాతలు పది మంది పేర్లు, ఫోన్ నంబర్లు రాసి పెట్టుకోండి. బ్లడ్ బ్యాంకుల్లో నిల్వలు ఎంత ఉన్నాయో కేంద్ర ప్రభుత్వ ఈ-రక్తకోశ్ పోర్టల్‌లో చూడవచ్చు. మూలుగ మార్పిడి చేయాలనుకుంటున్నవారికి సొంత తోబుట్టువులు, తల్లిదండ్రులు రక్తం ఇచ్చే ముందు డాక్టరును తప్పక అడగాలి. దగ్గరి బంధువుల రక్తం కొందరిలో సమస్యలు తెస్తుంది. కొందరికి రేడియేషన్‌తో శుద్ధి చేసిన రక్తమే ఎక్కించాలి. ఆ అవసరం ఉందా అన్నది మీ ఫైలు మొదటి పేజీ మీద రాయించండి.

మళ్లీ పనికి, బడికి ఎప్పుడు?

ఇది రక్తపరీక్ష అంకెలతో పాటు మీరు చేసే పనిని బట్టి కూడా ఉంటుంది. డాక్టరును "పనికి పోవచ్చా" అని అడిగితే సరిపోదు. ఏం పనో వివరంగా చెప్పండి.

మగ్గం నేసేవారికి పాదాల్లో స్పర్శ, పట్టు ఉండాలి. తిమ్మిర్లు ఉంటే ముందు చిలప చుట్టడం, కండెలు పట్టడం వంటి పనులతో మొదలుపెట్టవచ్చు. ప్రొద్దుటూరులో బంగారు పని చేసేవారు వేళ్ల తిమ్మిర్లు, యాసిడ్ పొగ రెండింటి గురించీ చెప్పాలి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో, పాలిష్ యూనిట్లలో పనిచేసేవారికి దుమ్ము పెద్ద సమస్య. రోగనిరోధక శక్తి తగ్గినవారికి దుమ్ములోని బూజు వల్ల ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ రావచ్చు. పులివెందుల అరటి, చీనీ తోటల్లో పనిచేసేవారు మందు పిచికారీ, పేడ, కంపోస్టు పనులు వేరేవాళ్లకు అప్పగించాలి. మొదట పూటపని, తర్వాత పూర్తిరోజు అన్న పద్ధతి అందరికీ మంచిది.

పిల్లల విషయంలో డాక్టరు సరే అన్న వెంటనే బడికి పంపండి. చదువు ఆగిపోవడం, స్నేహితులు దూరమవడం పిల్లలను బాగా కుంగదీస్తుంది. ప్రధానోపాధ్యాయుడిని కలిసి మూడు విషయాలు చెప్పండి: ఈ జబ్బు అంటుకోదు, జ్వరం వస్తే వెంటనే ఫోన్ చేయాలి, తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ సోకితే ఆ రోజే తెలియజేయాలి. కీమో పిల్లలకు ఆటలమ్మ, తట్టు ప్రాణాంతకం కావచ్చు. టీకాలు కూడా డాక్టరు చెప్పినప్పుడే వేయించాలి. మూలుగ మార్పిడి అయినవారికి చిన్నప్పటి టీకాలు మళ్లీ మొదటి నుంచి వేయాల్సి ఉంటుంది.

మనసు గురించి మాట్లాడండి

చెకప్ దగ్గరపడేకొద్దీ నిద్ర పట్టకపోవడం, ఏ నొప్పి వచ్చినా జబ్బు తిరగబెట్టిందేమోనన్న భయం చాలామందిలో ఉంటాయి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. టెలి మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చూసుకునేవాళ్లకు కూడా ఈ నంబరు పనికొస్తుంది. భర్తకో, బిడ్డకో చాకిరీ చేసి అలసిపోయిన ఇల్లాలికి వారానికి ఒక పూటైనా ఇంకొకరు తోడు నిలవాలి.

పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని జబ్బును దాచే కుటుంబాలున్నాయి. బ్లడ్ క్యాన్సర్ ముట్టుకుంటే రాదు, ఒకే పళ్లెంలో తింటే రాదు. చికిత్స వల్ల పిల్లలు పుట్టే అవకాశం తగ్గే ప్రమాదం మాత్రం కొన్ని మందులతో ఉంది. అందుకే యువకులు కీమో మొదలుకాకముందే వీర్యం భద్రపరుచుకోవడం గురించి, యువతులు తమకున్న మార్గాల గురించి అడగాలి. పెద్దలు అడగడానికి మొహమాటపడితే, రోగే నేరుగా డాక్టరును అడగవచ్చు.

నొప్పి ఉంటే ఓర్చుకోవాలా?

అక్కర్లేదు. పాలియేటివ్ కేర్ అంటే చివరి రోజుల్లో ఇచ్చేదన్న అభిప్రాయం మన దగ్గర బలంగా ఉంది. నొప్పి, వాంతులు, నిద్రలేమి, భయం తగ్గించే ఈ వైద్యాన్ని చికిత్సతో పాటే మొదలుపెట్టవచ్చు. మూలుగ మార్పిడి చేయించుకుంటున్నవారికి ఆసుపత్రిలో ఉండగానే ఈ సేవ అందిస్తే వారి బాధ, దిగులు తగ్గినట్టు అమెరికాలో 2016లో జరిగిన అధ్యయనంలో తేలింది. ఎముకల నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాస్తే భయపడవద్దు. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే నొప్పి తగ్గి మనిషి లేచి తిరగగలుగుతాడు. అవసరమైన రోగులకు ఈ మందు తేలిగ్గా అందేలా కేంద్రం 2014లో చట్టాన్ని సవరించింది. మైలోమా ఉన్నవారు మెడికల్ షాపులో దొరికే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు, మూత్రపిండాలు పాడవుతాయి.

ఈ వారంలో చేయాల్సినవి

డిజిటల్ థర్మామీటరు కొని, ఎలా చూడాలో ఇంట్లో అందరికీ నేర్పండి.

ఫైలు ఒకచోట చేర్చి, మొదటి పేజీలో జబ్బు పేరు, మందులు, బ్లడ్ గ్రూపు, ఆసుపత్రి ఫోన్ నంబరు రాయండి.

ఊళ్లో డాక్టరును, రాత్రిపూట పోవాల్సిన ఆసుపత్రిని ముందే ఖాయం చేసుకోండి. 108, 104, 14416 నంబర్లు ఫోనులో సేవ్ చేసుకోండి.

మాత్రలు ఎన్ని రోజులకు ఉన్నాయో లెక్కపెట్టండి.

వచ్చే చెకప్‌కు వెళ్లినప్పుడు రైలు రాయితీ ఫారం, స్థానిక డాక్టరుకు ఉత్తరం అడిగి తీసుకోండి. తర్వాతి రక్తపరీక్షల్లో ఏవేవి ప్రొద్దుటూరులోనో, కడపలోనో చేయించి వాట్సాప్‌లో పంపవచ్చో కూడా అదే రోజు అడగండి.

ఈ కథనం అవగాహన కోసమే. మందుల మోతాదు, పరీక్షల విషయంలో మీకు చికిత్స చేస్తున్న డాక్టరు చెప్పిందే పాటించండి.